కాళ్లు చాపుకుందామనుకుంటే.. కళ్లు తెరిపించాయి!

‘టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్’ అని అడిగితే ఏం చెప్పాలో మీకు అందరూ నేర్పిస్తారు. నేనూ అమీర్‌పేట హాస్టల్ గదిలో అద్దం ముందు నిలబడి ఆ జవాబు యాభైసార్లు అప్పజెప్పుకున్నా. కానీ 2019లో ఓ చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో నాకు ఎదురైన ప్రశ్న వేరు. మేజర్ ప్రాజెక్టు మీద రెండు ప్రశ్నలు అడిగారు. నా తడబాటు చూసి రెజ్యూమె పక్కన పెట్టేశారు. ‘‘సరే, అది వదిలేయండి. మొదట్నుంచి చివరిదాకా మీ చేతులతో మీరే చేసిన పని ఒకటి చెప్పండి. ఏదైనా ఫర్వాలేదు’’ అన్నారు.

నాలుగేళ్ల బీటెక్ మొత్తం కళ్లముందు తిరిగింది. ఒక్కటంటే ఒక్కటీ దొరకలేదు. ల్యాబ్ రికార్డులు సీనియర్లవి చూసి రాసినవే. మినీ ప్రాజెక్టు నలుగురం కలిసి చేశామని రాసుకున్నాం కానీ, చేసింది ఒక్కడే. ఆ ఒక్కడు నేను కాదు. ఇక మేజర్ ప్రాజెక్టు సంగతి ఎందుకులెండి, డబ్బులిచ్చి కొన్నది. చివరికి నోటికొచ్చింది చెప్పేశా: ‘‘సర్, నా బండికి హైవే ఫుట్‌పెగ్స్ బిగించుకున్నా. మొదటిసారి తప్పుగా బిగించా. రెండోసారి సరిగ్గా బిగించా.’’

ఆయన కుర్చీ ముందుకు జరుపుకొన్నారు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మేం మాట్లాడుకున్నది బోల్టులు, నట్ల గురించే. ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఈ బోల్టుల కథ ఎందుకు చెప్తున్నానో చివరికి మీకే అర్థమవుతుంది. బండి లేకపోయినా ఫర్వాలేదు, చదవండి.

అసలేంటీ పెగ్స్?

బండి మీద కాళ్లు పెట్టుకోవడానికి కంపెనీ ఇచ్చే ఫుట్‌రెస్ట్‌లు ఎలాగూ ఉంటాయి. గేర్, వెనక బ్రేకు వాటి దగ్గరే ఉంటాయి. గంటల తరబడి హైవే మీద వెళ్తుంటే మోకాలు ఒకే వంపులో ఉండిపోయి పట్టేస్తుంది. కాసేపు కాళ్లు ముందుకు చాపుకోవడానికి, ముందున్న లెగ్ గార్డ్‌కి ఇంకో జత ఫుట్‌రెస్ట్‌లు తగిలిస్తారు. అవే హైవే పెగ్స్. అమెరికాలో పొడవాటి తిన్నని రోడ్ల మీద పెద్ద క్రూయిజర్ బండ్లు నడిపేవాళ్ల నుంచి వచ్చిన అలవాటిది. మన దగ్గర కూడా లాంగ్ రైడ్‌లకి వెళ్లేవాళ్లు చాలామంది బయట మార్కెట్లో కొని బిగించుకుంటున్నారు.

2018లో బీటెక్ అయ్యాక బాబాయ్ తన పాత థండర్‌బర్డ్ 350 నాకిచ్చేశాడు. హైదరాబాద్‌లో ఉద్యోగ వేట. నెలకోసారి నందిగామ దగ్గర మా ఊరికి. చౌటుప్పల్, చిట్యాల, సూర్యాపేట, కోదాడ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి. వెళ్లేసరికి మోకాళ్లు చెక్కముక్కలయ్యేవి. పిల్లలకి ట్యూషన్ చెప్పి దాచుకున్న డబ్బుల్లోంచి 1,400 రూపాయలు పెట్టి ఆన్‌లైన్లో ఓ జత పెగ్స్ తెప్పించా. నిజం చెప్పాలంటే మోకాళ్ల నొప్పి సగం కారణమే. మిగతా సగం ఫొటోలో బాగుంటుందని.

మొదటిసారి: ‘సుమారుగా అంగుళం’

పెగ్ క్లాంప్ అంగుళం పైపుకి సరిపోతుందని డబ్బా మీద రాసి ఉంది. నేను టైలర్ టేపు లాంటిది ఒకటి లెగ్ గార్డ్ పైపు పక్కన పెట్టి చూశా. ‘సుమారుగా అంగుళం’ అనిపించింది. ఆర్డర్ పెట్టేశా. వచ్చాక బిగిస్తే లూజుగా తిరుగుతోంది. తిరిగి పంపాలంటే వారం పడుతుంది. పండక్కి ఊరెళ్లాలి. పాత సైకిల్ ట్యూబ్ కత్తిరించి పైపు చుట్టూ రెండు చుట్లు చుట్టా. దానిమీద క్లాంప్ పెట్టి, స్పానర్‌తో బలం కొద్దీ బిగించా. చేత్తో ఊపి చూశా, కదల్లేదు. ‘మన ఇంజినీరింగ్ బుర్ర అంటే ఇదీ’ అని నా భుజం నేనే తట్టుకున్నా.

సూర్యాపేట దాటేదాకా స్వర్గమే. కాళ్లు చాపుకుని, గాలికి జాకెట్ రెపరెపలాడుతుంటే మహారాజులా వెళ్లా. ఆ తర్వాత ఓ జంక్షన్ ముందు రోడ్డుకడ్డంగా వేసిన రంబుల్ స్ట్రిప్స్ వచ్చాయి. బండి గడగడలాడింది. కుడివైపు పెగ్ ఉన్నట్టుండి కిందికి తిరిగిపోయింది. దానిమీద బరువు వేసి ఉన్న కాలు ఒక్కసారిగా జారింది. మడమ రోడ్డుకి తగిలి, కాలు వెనక్కి విసిరేసినట్టయింది. వేగం 60 దాకా ఉంటుంది. బండి ఎడమకి ఊగింది. వెనక లారీ హారన్ నాకిప్పటికీ గుర్తే. ఎలాగో నిలదొక్కుకుని పక్కకి ఆపా.

షూ మడమ సగం అరిగిపోయింది. పిక్క కండరం పట్టేసింది. అంతే. పెద్దగా ఏమీ జరగలేదు. జరగకపోవడానికి నా తెలివి కారణం కాదు, ఆ క్షణంలో లారీ కాస్త దూరంలో ఉండటమే. ఇంటికెళ్లాక అమ్మ షూ చూసి ఏమైందని అడిగింది. ‘పాతవి కదమ్మా, అరిగిపోయాయి’ అన్నా.

లేత్ పెద్దాయన అడిగిన ఒక్క ప్రశ్న

పండగయ్యాక విజయవాడ ఆటోనగర్ వెళ్లా. లేత్ మిషన్ మీద పనిచేసే ఓ పెద్దాయనకి పెగ్ చూపించి, నడిచిన కథ చెప్పా. ఆయన వెర్నియర్ కాలిపర్స్ తీసి, నా లెగ్ గార్డ్ పైపు కొలిచి, నా చేతికిచ్చాడు. ‘‘చదువు’’ అన్నాడు. 22 మిల్లీమీటర్లు. క్లాంప్ లోపలి కొలత 25.4.

‘‘ఏం చదివావబ్బాయ్?’’

‘‘బీటెక్ అండీ. ఈసీఈ.’’

‘‘మరి కొలవకుండా ఎట్టా కొన్నావు?’’

నాకు మాట రాలేదు. ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఇదే వెర్నియర్‌తో రికార్డు నిండా రీడింగులు రాశా. అందులో సగం పక్కవాడివి చూసి రాసినవి. వెర్నియర్ మీద ప్రశ్న వస్తే పది మార్కుల జవాబు రాయగలను. కానీ నా కాలు ఆధారపడే చోట దాన్ని వాడాలని మాత్రం తట్టలేదు.

ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. రబ్బరు మీద బిగిస్తే మొదట గట్టిగానే అనిపిస్తుంది. ఎండకి, అదురుకి రబ్బరు నలిగి, పక్కలకి జరిగిపోతుంది. అది పల్చబడ్డకొద్దీ బోల్టులో బిగింపు పోతుంది. అంటే నేను హైదరాబాద్‌లో ఊపి చూసినప్పుడు గట్టిగా ఉన్నది, సూర్యాపేట వచ్చేసరికి లూజయిపోయింది. పరీక్ష పెట్టిన చోటు వేరు, పని చేయాల్సిన చోటు వేరు.

కాగితం మీద పెట్టిన లెక్క

ఆ రాత్రి మొదటిసారి, మార్కుల కోసం కాకుండా ఓ లెక్క వేశా. మీరూ వేయొచ్చు, ఇంటర్ ఫిజిక్స్ చాలు.

పైపు మధ్య నుంచి పాదం బరువు పడే చోటుకి దూరం 12 సెంటీమీటర్లు. ఊరికే కాలు ఆన్చితే పడే బరువు ఆరు కిలోలనుకుందాం, అంటే దాదాపు 60 న్యూటన్లు. దూరంతో గుణిస్తే క్లాంప్‌ని తిప్పడానికి చూసే బలం సుమారు 7 న్యూటన్ మీటర్లు. ఇది పెద్ద లెక్కలోది కాదు. కానీ గుంత రాగానే మనం ఏం చేస్తాం? అలవాటుగా కాళ్లమీద బరువేసి సీటు నుంచి లేస్తాం. 70 కిలోల మనిషి పూర్తి బరువు ఒక్క పెగ్ మీద పడితే అదే లెక్క 82 న్యూటన్ మీటర్లకి చేరుతుంది. పదింతలకి పైనే! నేను చేత్తో ఊపి ‘గట్టిగా ఉంది’ అనుకున్నది మొదటి లెక్కకి. రోడ్డు మీద వచ్చింది రెండో లెక్క.

మీరు రాసే ప్రోగ్రామైనా, గీసే సర్క్యూటైనా ఇంతే. మామూలు రోజున పనిచేయడం గొప్ప కాదు. గుంత వచ్చిన రోజు ఎంత భారం పడుతుందో ముందే అడగాలి. ఆ ప్రశ్న అడిగేవాళ్ల కోసమే కంపెనీలు వెతుకుతుంటాయి.

రెండోసారి: ఒక్కో మెట్టూ

రెండోసారి ఎలా బిగించానో వివరంగా చెప్తా. పెగ్స్ బిగించుకునే ఆలోచన ఉన్నవాళ్లకి నేరుగా పనికొస్తుంది. లేనివాళ్లు, ఒక చిన్న పనిలో ఎన్ని నిర్ణయాలుంటాయో గమనించండి.

ముందు కొలత. పైపుని మూడు చోట్ల వెర్నియర్‌తో కొలిచా. ఒంపు దగ్గర పైపు పూర్తి గుండ్రంగా ఉండదు, కాబట్టి తిన్నగా ఉన్న చోటే క్లాంప్ పెట్టాలి. 22 నుంచి 25.4కి ఉన్న తేడా 3.4 మిల్లీమీటర్లు. చుట్టూ సమానంగా పంచితే 1.7 మిల్లీమీటర్ల మందం. లేత్ పెద్దాయన అంతే మందంతో అల్యూమినియం బుష్ రెండు తీసి, పొడవునా ఒక చీలిక పెట్టి ఇచ్చాడు. రబ్బరు స్థానంలో లోహం వచ్చింది. ఎండకి నలిగిపోదు.

రెండోది, లెగ్ గార్డ్ పరిస్థితి. పెగ్ ఎంత మంచిదైనా దాన్ని మోసేది గార్డే. అది బండి పడ్డప్పుడు కాళ్లని, ఇంజిన్‌ని కాపాడటానికి పెట్టింది. ఫ్రేముకి పట్టి ఉన్న దాని బోల్టులు ముందు చెక్ చేయాలి. నా బండికి ఒక బోల్టు సగం లూజుగా ఉంది. పల్చటి రేకు పైపుతో చేసిన గార్డులకి, ఎక్కడైనా వెల్డింగ్ చిట్లిన గార్డులకి పెగ్స్ అసలు పెట్టొద్దు.

మూడోది, ఎక్కడ పెట్టాలన్నది. అందానికి కాదు, కొన్ని పరీక్షలకి తట్టుకోవాలి. హ్యాండిల్ పూర్తిగా రెండువైపులా తిప్పితే ఎక్కడా తగలకూడదు. బ్రేకు పెడల్‌కి, గేర్ రాడ్‌కి కాలు వెళ్లే దారిలో అడ్డు రాకూడదు. ముందు సస్పెన్షన్ నొక్కుకుపోయినప్పుడు మడ్‌గార్డ్‌కి, పెగ్‌కి మధ్య ఖాళీ ఉండాలి. షూ సైలెన్సర్ బెండ్ పైపుకి ఆనకూడదు, అది ప్యాంటునీ కాల్చేస్తుంది. మరీ కిందికి పెడితే మలుపులో బండి వాలినప్పుడు పెగ్ రోడ్డుకి రాసుకుంటుంది. మడత పడని పెగ్ అయితే చక్రాన్నే నేల మీంచి లేపేసే ప్రమాదముంది. అందుకే మడతపడే పెగ్స్ తీసుకోవాలి. అవి కూడా పైకి, వెనక్కి మడత పడేలా బిగించాలి. రోడ్డు తగిలితే అవే ముడుచుకుంటాయి.

నాలుగోది, బోల్టులు. బోల్టు తల మీద 8.8 అని అంకెలు చూసుంటారు. అవి ఊరికే వేసినవి కాదు. మొదటి అంకె ఆ ఉక్కు తెగిపోయే బలం 800 మెగాపాస్కల్స్ అని, రెండోది అందులో 80 శాతం దగ్గర, అంటే 640 దగ్గర అది శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుందని చెప్తాయి. నాకొచ్చిన ప్యాకెట్లో బోల్టులకి ఏ గుర్తూ లేదు. వాటిని పక్కన పడేసి, అదే సైజు 8.8 బోల్టులు తెచ్చుకున్నా. ఒక్కోటి టీ ఖరీదు కన్నా తక్కువే.

ఐదోది, బిగింపు. ‘బలం కొద్దీ’ అనేది కొలత కాదు. ఒక్కొక్కరి బలం ఒక్కోలా ఉంటుంది. మరీ ఎక్కువ బిగిస్తే బోల్టు సాగుతుంది, అల్యూమినియం మరలు ఊడిపోతాయి. తక్కువైతే జారుతుంది. పెగ్స్‌తో వచ్చిన కాగితంలో 20 న్యూటన్ మీటర్లని ఉంది. మొదటిసారి ఆ కాగితం తెరిచి కూడా చూడలేదు! 20 న్యూటన్ మీటర్లంటే 20 సెంటీమీటర్ల స్పానర్ చివర పది కిలోల బరువు వేలాడదీసినంత. టార్క్ రెంచ్ కొనే స్తోమత లేదు. తెలిసిన మెకానిక్ షెడ్డులో గంటసేపు అరువు తీసుకున్నా. రెండు బోల్టుల క్లాంప్ అయితే ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకూడదు. ఇది కొంచెం, అది కొంచెం మార్చి మార్చి బిగించాలి. బిగించాక కూడా క్లాంప్ రెండు పెదవుల మధ్య ఓ మిల్లీమీటరైనా ఖాళీ మిగలాలి. పెదవులు కలిసిపోయాయంటే మీరు బిగించింది క్లాంప్‌ని, పైపుని కాదు.

ఆరోది, అదురు. సింగిల్ సిలిండర్ బండి అదురుకి నట్లు వాటంతటవే విప్పుకుంటాయి. మరలకి నూనె, మురికి లేకుండా తుడిచి, మధ్యరకం బలమున్న నీలిరంగు థ్రెడ్‌లాకర్ ఓ చుక్క వేశా. ఎర్రది వేస్తే మళ్లీ విప్పాలంటే వేడి పెట్టాల్సి వస్తుంది. పూర్తిగా ఆరడానికి ఒక రోజంతా బండి కదల్చలేదు. చివరగా బోల్టు తల మీంచి క్లాంప్ మీదికి తెల్ల పెయింట్‌తో ఓ సన్నగీత గీశా. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది. స్పానర్ అక్కర్లేకుండా ఒక్క చూపుతో తెలిసిపోతుంది. 50 కిలోమీటర్లకి ఒకసారి, 500కి ఒకసారి చూశా. ఇప్పటికీ ఊరెళ్లే ముందు చూస్తా.

అన్నీ అయ్యాక మెయిన్ స్టాండ్ వేసి, స్నేహితుణ్ని బండి పట్టుకోమని, పెగ్ మీద నా బరువు మెల్లమెల్లగా మోపి చూశా. కదల్లేదు. అయినా నా నియమం ఒకటే: ఆ పెగ్స్ కాలు ఆన్చడానికే, నిలబడటానికి కాదు.

బిగించడం తెలిస్తే సరిపోదు

ఎప్పుడు వాడకూడదో తెలియడం అంతకన్నా ముఖ్యం. కాళ్లు ముందుకు చాపినప్పుడు వెనక బ్రేకూ, గేరూ రెండూ అందవు. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు వెళ్తుంది. కాలు వెనక్కి తెచ్చి బ్రేకు మీద పెట్టడానికి అర సెకను ఎక్కువ పట్టిందనుకోండి, 11 మీటర్లు పోయినట్టే. దాదాపు ఆర్టీసీ బస్సు పొడవు. మన హైవేల మీద ఎదురు దిశలో వచ్చే ఆటోలు, డివైడర్ సందులోంచి దాటే గేదెలు, ఊరి దగ్గర రోడ్డు దాటే స్కూలు పిల్లలు.. వీళ్లెవరూ మీకు ఆ అర సెకను ఇవ్వరు. అందుకే ఊరు, జంక్షన్, ట్రాఫిక్, వాన, చీకటి.. వీటిలో ఏ ఒక్కటున్నా నా కాళ్లు అసలు ఫుట్‌రెస్ట్‌ల మీదే ఉంటాయి. వెనక ఎవరైనా కూర్చున్నా అంతే.

ఇంకో మాట. మోకాళ్ల నొప్పికి అసలు మందు పెగ్స్ కాదు. గంటన్నరకోసారి ఆగి, టీ తాగి, నాలుగడుగులు నడవడం. దానికి పైసా ఖర్చు లేదు, టీకి తప్ప. ఈ మాట చెప్పకపోతే నేను పెగ్స్ అమ్ముకునేవాణ్నయిపోతా.

చట్టం సంగతీ తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. ఆర్సీలో రాసిన వివరాలు తయారీదారు ఇచ్చినదానికి తేడాగా మారేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. అందుకే ఫ్రేముకి రంధ్రాలు పెట్టడం, వెల్డింగ్ చేయడం లాంటి వాటి జోలికి పోలేదు. నావి పది నిమిషాల్లో విప్పేయగలిగే పెగ్స్. ఏ పనైనా వెనక్కి తీసుకోగలిగేలా చేయడం మంచి అలవాటు. అదనంగా ఏం తగిలించినా ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడు వాళ్లకి చెప్పండి.

మళ్లీ ఇంటర్వ్యూ గదికి

ఇదంతా ఆయనకి చెప్పా. సైకిల్ ట్యూబ్ దగ్గర నవ్వారు. తర్వాత అడగడం మొదలుపెట్టారు. ‘‘బుష్ అల్యూమినియమే ఎందుకు?’’ ‘‘చీలిక లేకపోతే ఏమయ్యేది?’’ ‘‘టార్క్ ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?’’ కొన్నిటికి జవాబు చెప్పా. కొన్నిటికి ‘తెలీదు సర్, ఇంటికెళ్లి చూస్తా’ అన్నా. విచిత్రమేంటంటే ఆ ‘తెలీదు’ అనడానికి నాకు సిగ్గు అనిపించలేదు. మేజర్ ప్రాజెక్టు మీద ‘తెలీదు’ అన్నప్పుడు మాత్రం చెమటలు పట్టాయి. తేడా ఏంటో అప్పుడర్థమైంది. మనం చేసిన పనిలో మనకి తెలియనిది నేర్చుకోవాల్సిన విషయం. మనం కొన్న పనిలో తెలియనిది దొరికిపోవాల్సిన దొంగతనం.

ఆ ఉద్యోగం వచ్చిందని రాస్తే ఈ కథ ఇంకా బాగుండేది. రాలేదు. వాళ్లకి కావాల్సిన ఎంబెడెడ్ సీ నాకు రాదు, అది న్యాయమే. కానీ ఆ సాయంత్రం హాస్టల్‌కి వచ్చి రెజ్యూమెలోంచి కొన్న ప్రాజెక్టు తీసేశా. దాని బదులు నేనే ఓ చిన్న బోర్డు మీద ఉష్ణోగ్రత కొలిచే పని మొదలుపెట్టా. మూడుసార్లు పాడైంది. మూడుసార్లూ ఎందుకు పాడైందో రాసుకున్నా. నాలుగు నెలల తర్వాత ఇంకో కంపెనీలో చెప్పింది ఆ మూడు వైఫల్యాల గురించే. అక్కడ ఉద్యోగం వచ్చింది. నా బ్లాగులో మొదటి వ్యాసం మాత్రం పెగ్స్ మీదే.

‘మెకానిక్‌కి రెండొందలిస్తే అయిపోయేదిగా?’

మీలో కొందరికి ఈ పాటికి ఈ ప్రశ్న వచ్చుంటుంది. న్యాయమైన ప్రశ్నే. ప్రతి పనీ మనమే చేసుకోవాలని నేను అనను. బ్రేకులు, స్టీరింగ్ లాంటివి తెలిసినవాళ్లకే వదిలేయాలి. నేను కూడా బుష్ లేత్ పెద్దాయన చేతే తీయించా. కానీ ఎంత మందం కావాలో అడిగింది నేను. చేయించుకోవడానికి కూడా ఏం కావాలో తెలియాలి. కొలిచి అడగడం ఇంజినీర్ పని. ‘ఏదో ఒకటి పెట్టేయ్ అన్నా’ అనడం కాదు.

‘మాది సీఎస్ఈ, నట్లు బోల్టులతో మాకేం పని?’ అనేవాళ్లూ ఉంటారు. మీరు బోల్టు ముట్టుకోనక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకర్ల లెక్కకి చిన్న ప్రోగ్రాం రాయండి. మీ నాన్నగారి కిరాణా కొట్టు ఖాతా పుస్తకాన్ని స్ప్రెడ్‌షీట్‌లోకి మార్చండి. ఊళ్లో ఆగిపోయిన మోటార్ స్టార్టర్ ఎందుకు ఆగిపోయిందో ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి చూసి రాయండి. పని చిన్నదైనా ఫర్వాలేదు. నిజంగా ఎవరో ఒకరు దాన్ని వాడాలి. తప్పు చేస్తే వాళ్లకి తెలియాలి. అదొక్కటే షరతు.

‘ఇవన్నీ హెచ్ఆర్ పట్టించుకుంటారా? మాకు ముందు ఆప్టిట్యూడ్ టెస్టు దాటాలి’ అంటారా? దాటాల్సిందే. ప్రాక్టీస్ మానేయమని ఎవరూ చెప్పరు. సర్టిఫికెట్లూ కావాలి. కానీ టెస్టు దాటాక ఎదురుగా మనిషి కూర్చుంటారు. మీ జవాబు తర్వాత ‘ఎందుకు?’ అంటారు. దానికీ జవాబిస్తే మళ్లీ ‘ఎందుకు?’ అంటారు. బట్టీ కొట్టిన జవాబు మొదటి ‘ఎందుకు’ దగ్గరే ఆగిపోతుంది. చేసిన పని మూడో ‘ఎందుకు’ దాకా తోడొస్తుంది.

మీకో చిన్న పని

ఈ నెలలో ఒక్క పని ఎంచుకోండి. బండి, సైకిల్, ఫ్యాను, ప్రోగ్రాం.. మీ ఇష్టం. మొదలుపెట్టే ముందు ఏం కావాలో రాయండి. ఏది కొలిచారో, ఎంతొచ్చిందో రాయండి. ఎక్కడ తప్పు చేశారో, ఎలా తెలిసిందో రాయండి. ఏం మార్చారో, అది నిలబడిందని ఎలా పరీక్షించారో రాయండి. ఒక్క పేజీ చాలు. ఆ పేజీలో తప్పు దగ్గర దాటేయాలనిపిస్తుంది. దాటేయొద్దు. ఇంటర్వ్యూలో మిమ్మల్ని గుర్తుపెట్టుకునేది ఆ వాక్యం వల్లే.

ప్రాణానికి సంబంధించిన చోట మాత్రం తప్పుతో నేర్చుకోవాలని చూడకండి. నేను అదృష్టం కొద్దీ షూతో బయటపడ్డా. ఆ పక్క లారీ ఇంకాస్త దగ్గరుంటే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. హెల్మెట్, షూ, జాకెట్ లేకుండా హైవే ఎక్కకండి. కొలవకుండా ఏదీ కొనకండి. డబ్బాలో వచ్చే కాగితం పారేయకుండా చదవండి.

ఆ అరిగిపోయిన షూ ఇంకా నా దగ్గరే ఉంది. అమ్మకి నిజం చెప్పింది మాత్రం ఉద్యోగం వచ్చాకే. తిట్టింది. తర్వాత బండి దగ్గరికొచ్చి, ఆ తెల్లగీత ఏంటని అడిగింది. చెప్పా. ఇప్పుడు నేను హైదరాబాద్ బయల్దేరేటప్పుడు తనే వంగి చూసి, ‘‘గీత సరిగ్గానే ఉంది, వెళ్లిరా’’ అంటుంది.